కొక్కేనికీ మంచానికీ నడుమ

ఆ ఉదయం లాడ్జి కౌంటరు వద్ద ముగ్గురు ఉన్నారు. మొదట, కౌంటరు లోపల, తాళాల బోర్డుకు వీపు ఆనించి మేనేజరు. ఆయనకు ఎదురుగా, తడి చేతులు తువ్వాలుకు తుడుచుకుంటూ, అందరూ ఇస్త్రీ అక్క అని పిలిచే ఉతుకుడు గది మనిషి. అందరికన్నా చివర, మెట్ల మీద ఒక కాలు, నేల మీద ఒక కాలు ఉంచి, ఉతికిన దుప్పట్ల దొంతరను ఛాతీకి అదిమిపట్టుకుని పెద్దాయన. ఆ దొంతర ఆయన ముఖాన్ని సగానికి కప్పివేసింది. కళ్లు మాత్రమే కనబడుతున్నాయి.

"మంచాల పక్కన పెడుతున్నావే, ఆ ప్యాకెట్లు, సాయంత్రంలోగా అన్నీ తీసెయ్యి పెద్దాయనా. తెచ్చి నా సొరుగులో పడెయ్యి. కావలసినవాళ్లు అడిగి తీసుకుంటారు," అన్నాడు మేనేజరు.

"ఏమయింది సార్?"

"ఏమవ్వాలి? మొన్న ఒక కుటుంబం దిగింది చూడు, ముసలావిడతో. ఆవిడ తలంటుకోబోతూ షాంపూ అనుకుని చించిందట. అదీ అల్లుడి ఎదురుగా."

ఇస్త్రీ అక్క తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుంది. "నురగ రాలేదని గొడవ చేసిందా ఏంటి?"

"నవ్వు, నవ్వు. ఓనరు ఫోనులో నన్ను ఉతికి ఆరేశాడు. ఆ పని నీదని ఆయనకి తెలీదు మరి."

పెద్దాయన నవ్వలేదు. "అడగరు సార్," అన్నాడు.

"ఎందుకడగరు? వచ్చేవాళ్లు పసిపిల్లలా? మంచీచెడ్డా తెలిసినవాళ్లు."

"మెట్లెక్కేటప్పుడు గుర్తుండదు. గుర్తొచ్చే వేళకి దిగబుద్ధి కాదు."

"అంతేగా మరి," అంది ఇస్త్రీ అక్క. "ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు, వలపు సిగ్గెరగదు అని ఊరికే అన్నారా?"

"సిగ్గు మాట దేవుడెరుగు చెల్లీ. వలపు లేచి నడవడం ఎరగదు."

"ఈ సామెతలన్నీ ఓనరుకి వినిపించు. నా ఉద్యోగం మాత్రం ఉండనివ్వు," అని మేనేజరు మోగుతున్న ఫోను వైపు తిరిగాడు. అక్కడితో ఆ సమావేశం ముగిసింది.

పెద్దాయన మెట్లెక్కాడు. మనిషి సన్నగా, కాస్త వంగి, ఎప్పుడూ ఎవరికో దారి ఇస్తున్నట్లు గోడవారగా నడుస్తాడు. దుప్పట్ల అంచులు లాగి లాగి బొటనవేళ్ల గోళ్లు అరిగి, పలుచబడి, గులకరాళ్లలా నునుపెక్కాయి. గదిలోకి వెళ్లగానే ఆయన చేసే పనులకు ఒక వరుస ఉంది. కిటికీ తెరుస్తాడు. చెత్తబుట్ట చూస్తాడు. దిండు గలీబులు విప్పి, దుప్పటిని నాలుగు మూలల నుంచీ మధ్యకు మడిచి, లోపల ఉన్నది ఏదైనా లోపలే ఉండేటట్లు చుట్ట చుడతాడు. ఇతరుల ఏకాంతాన్ని చేతులతో ముట్టుకుని కళ్లతో ముట్టుకోకపోవడం ఆయన నేర్చిన విద్య.

కండోమ్ ప్యాకెట్లను ఆరోగ్య కేంద్రపు నర్సు ఉచితంగా ఇచ్చి వెళుతుంది. తొలుత అవి కౌంటరు మీద గాజుగిన్నెలో ఉండేవి. గిన్నె మీద దుమ్ము పేరుకుంది గాని గిన్నె తరగలేదు. తాళంచెవి తీసుకునే మనిషి గోడ గడియారాన్ని చూసేవాడు, నేలను చూసేవాడు, ఆ గిన్నెను మాత్రం చూసేవాడు కాడు. తరువాత పెద్దాయన వాటిని స్నానాల గదిలో సబ్బుపెట్టె పక్కన పెట్టి చూశాడు. ఒకటీ అరా కదిలాయి. ఆపైన ఒకనాడు, ఎవరినీ అడగకుండా, మంచం తలాపున దీపం మీట కింద ఉన్న చిన్న గూటిలోకి మార్చాడు. పడుకున్న మనిషి దీపం ఆర్పడానికి చేయి చాస్తే వేళ్లకు తగిలే చోటు అది. మరునాటి నుంచి చెత్తబుట్టలు వేరే సంగతి చెప్పసాగాయి. మనుషులు మారలేదు, వారి బుద్ధులు మారలేదు. దూరం మారింది, అంతే.

ఈ దూరం సంగతి ఆయనకు చెప్పినవాడు తమ్ముడు.

తమ్ముడు లారీ నడిపేవాడు. ఊరూరా లాడ్జీలలో దిగేవాడు. జబ్బు బయటపడేనాటికి అది ముదిరిపోయింది. దానికి మందులు ఇంకా అందరికీ అందని రోజులవి. చివరి నెలల్లో అతనికి నీళ్లు పోసిందీ, అన్నం కలిపి నోటికి అందించిందీ పెద్దాయనే. ఒక మధ్యాహ్నం, వీపు తుడుస్తూ, అంతవరకు మింగుతూ వచ్చిన ప్రశ్న అడిగాడు.

"తెలీదురా నీకు?"

"తెలుసన్నా. తెలియకేం? జేబులోనే ఉంది."

"మరి?"

"చొక్కా తలుపు పక్కన కొక్కేనికి తగిలించా. లేచి నాలుగడుగులు వేయాలి." తమ్ముడు కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "ఆ వేళకి నువ్వు నువ్వుగా ఉండవన్నా. నీ లోపల ఇంకొకడు లేస్తాడు. వాడికి రేపు అనేది లేదు. రేపు లేచేది నేను. వాడు చేసిన అప్పు కట్టేది నేను."

తమ్ముడు పోయాడు. ఏడాది తిరగకుండా మరదలు పోయింది. ఆమె జన్మలో ఏ లాడ్జి గడప తొక్కి ఎరగదు.

పెద్దాయన తమ్ముణ్ని తప్పుపట్టలేకపోయాడు. ఆ ఇంకొకడు తనకూ తెలుసు. రెండో కాన్పు తరువాత, మరొకటి వద్దని డాక్టరు గట్టిగా చెప్పిన రోజుల్లో, భార్య ప్యాకెట్టును తన దిండు గలీబులోనే దాచేది. అదేమిటని అడిగితే, "పగలు మీరు పెద్దమనిషే. దీపం ఆర్పాక మీ మాట నేను నమ్మను," అనేది. ఆపైన నవ్వు దాచుకుంటూ, "నా మాటా నేను నమ్మను," అనేది. వారికి మూడో కాన్పు రాలేదు. చాలా ఏళ్ల తరువాత ఆమె మామూలు జ్వరంతో, పండు వెంట్రుకలతో, తన వయసు తాను జీవించి పోయింది. తన తమ్ముడు బుద్ధిహీనుడూ, తాను బుద్ధిమంతుడూ కాదు. ఒకరికి దిండు దగ్గరగా ఉంది, ఒకరికి కొక్కెం దూరంగా ఉంది.

ఇది గాక, ఆయన ఎవరికీ చెప్పనిది మరొకటి ఉంది. తమ్ముడు పోయిన నాటి నుంచి, ఏ గది తలుపు తెరిచినా, తలుపు పక్క కొక్కేనికి ఒక చొక్కా వేలాడుతూ ఉండేది. నీలం గళ్ల చొక్కా. కాలరు లోపలి అంచు చెమటకు పచ్చబడింది. ఎడమ జేబు కాస్త ముందుకు పొడుచుకుని, లోపల నలుచదరంగా ఏదో ఉన్నట్లు కనబడేది. అది ఏమీ చేసేది కాదు. వేచి ఉండేది. ప్యాకెట్లను దీపం మీట కిందికి మార్చిన రోజు, ఒక్కొక్క గదిలో ఒక్కొక్కటే, ఆ చొక్కాలు వెళ్లిపోయాయి. ఏళ్లు గడిచాయి. ఆయన కొక్కేల వైపు చూడడం మరిచిపోగలిగాడు.

ఇప్పుడు మొదటి గది గూటిలో నుంచి ప్యాకెట్లు తీసి సంచిలో వేసుకున్నాడు. వెనుదిరిగాడు. చొక్కా ఉంది.

ఆయన దాన్ని దాటుకుని బయటకు వచ్చి తలుపు వేశాడు. పక్క గదిలో గూడు ఖాళీ చేసేటప్పుడు కొక్కేనికి వీపు పెట్టి నిలిచాడు. అయినా తలుపు దాకా వచ్చేసరికి చూడక తప్పలేదు. కిటికీలోంచి గాలి వచ్చి తెర కదిలింది గాని, చొక్కా కదలలేదు. ఆ పై గదిలోనూ ఉంది. వరండా పొడుగునా మూసిన తలుపుల వెనుక, గదికొకటి చొప్పున, తమ్ముడు తగిలించి వెళ్లిన చొక్కాలు.

"పెద్దాయనా! మంచినీళ్లు!" అని కింద నుంచి మేనేజరు కేక వేశాడు.

ఒక జంట వచ్చింది. ముప్పై దాటినవారు. ఆమె గదిలో కిటికీ దగ్గర నిలుచుని ఏదో తలచుకుని ఆగి ఆగి నవ్వుతోంది. అతడు ఆమె నవ్వు ఆగేదాకా చూసి, మళ్లీ ఏదో అని నవ్విస్తున్నాడు. చాలా రోజుల తరువాత కలిసినవారని చూడగానే తెలుస్తుంది. పెద్దాయన నీళ్ల జగ్గు బల్ల మీద ఉంచి, గడప దగ్గర ఆగాడు. ఆయన ఉద్యోగ జీవితంలో ఎన్నడూ అలా ఆగలేదు.

"కింద కౌంటర్లో అన్నీ దొరుకుతాయండీ."

"ఏంటి అన్నీ?" అన్నాడతడు.

"అవసరమైనవి."

ఆమె చటుక్కున కిటికీ వైపు తిరిగింది. భుజాలు నవ్వుతో కదిలాయి.

"మాకు నీళ్లు చాలు పెద్దాయనా," అన్నాడతడు, మర్యాదగానే. "ఏదన్నా కావాలంటే నేనే దిగి వస్తాలే."

"తప్పకుండా రండి బాబూ."

"వస్తానన్నాగా!"

తలుపు మూసుకుంది. గడియ పడింది. పెద్దాయన వరండా చివర, మెట్ల మలుపులో, దుప్పట్లు మడతపెడుతూ నిలుచున్నాడు. మడిచినవే విప్పి మళ్లీ మడిచాడు. మెట్ల మీద ఎండ ఒక మెట్టు నుంచి మరొక మెట్టుకు జారింది. ఎవరూ దిగలేదు. దిగుతారని ఆయన అనుకోనూ లేదు. అయినా, మాట ఇచ్చిన మనిషి కదా అని ఎదురుచూశాడు. మాట ఇచ్చినవాడు గడియకు ఇవతలే ఉండిపోయాడని, లోపల ఉన్నది అతడు కాడని ఆయనకు తెలుసు.

ఎండ తగ్గాక వారు వెళ్లిపోయారు. అతడు పెద్దాయన ముఖం చూడకుండా తాళంచెవి అందించాడు. ఆమె ఈసారి నవ్వలేదు. మెట్ల మీద సగంలో ఆగి, వెనక్కి ఒకసారి చూసి, దిగిపోయింది.

ఆయన గదిలోకి వెళ్లి కిటికీ తెరిచాడు. చెత్తబుట్ట చూశాడు. నారింజ తొక్కలు తప్ప ఏమీ లేదు. దుప్పటి చుట్టి బయటకు తీసుకుపోతుండగా కాలికి ఏదో తగిలింది. తలుపు పక్కన, సరిగ్గా కొక్కెం కింద, నేల మీద ఒక ప్యాకెట్టు పడి ఉంది. ఆరోగ్య కేంద్రపుది కాదు. మందుల దుకాణంలో కొన్నది, ఖరీదైనది. అంచు చింపలేదు. చొక్కా తీసి తొడుక్కునేటప్పుడు జేబులో నుంచి జారి ఉంటుంది.

అతడు తెచ్చుకున్నాడు. ఇంట్లో బయలుదేరేటప్పుడు, స్థిమితంగా ఉన్న వేళ, ఆమెను తలచుకుని, ఆమె మేలు కోరి, దుకాణంలో సిగ్గు చంపుకుని అడిగి కొన్నాడు. జేబులో పెట్టుకుని ఇంత దూరమూ వచ్చాడు. అంత ప్రయాణమూ చేసినది చివరి నాలుగడుగులు దాటలేకపోయింది.

పెద్దాయన ఆ ప్యాకెట్టును అరచేతిలో ఉంచుకుని, మొదటిసారిగా, కొక్కెం వైపు సూటిగా చూశాడు. చొక్కాను కాదు. కొక్కేన్ని. పొడుగాటి చెక్కపలక, దానికి బిగించిన ఇత్తడి కొక్కేలు, రెండు కొసలా రెండు స్క్రూలు. గదికి ఒకే పలక, అన్ని గదుల్లోనూ తలుపు పక్కనే. ఎందుకు అక్కడే ఉండాలి? లాడ్జి కట్టినప్పటి వడ్రంగి ఎవరో, లోపలికి వచ్చిన మనిషి ముందు చొక్కా విప్పుతాడని అనుకుని అక్కడ బిగించి పోయాడు. మంచం తలాపు పొడుగునా గోడకు చెక్కపట్టీ ఉంది. స్క్రూ దిగడానికి ఆ చెక్క చాలు.

ఆయన కిందికి దిగి ఉతుకుడు గదిలోకి వెళ్లాడు. ఇస్త్రీ అక్క ఆవిరిలో చెమటలు కక్కుతూ దిండు గలీబు మీద ఇస్త్రీపెట్టె ఒత్తుతోంది.

"చెల్లీ, నీ స్క్రూ డ్రైవరు ఇస్తావా?"

"ఎందుకన్నా? నా మొగుడి బుర్ర బిగించాలా? అది నా వల్లే కాలేదు."

"కొక్కేలు మార్చాలి. తలుపు దగ్గర నుంచి మంచం దగ్గరికి."

ఆమె ఇస్త్రీపెట్టె పక్కన నిలబెట్టింది. ఆయన ముఖం చూసి వేళాకోళం మానుకుంది. "ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. జేబులో ఉన్నది చేతికి అందాలి."

"ఓనరు ఊరుకుంటాడా?"

"ప్యాకెట్లు తీయమన్నారు, తీసేశాను. కొక్కేల మాట ఎత్తలేదుగా."

"అబ్బో! నంగనాచిలా ఉంటావు గానీ," అని ఆమె కుట్టుపెట్టెలో వెతికి స్క్రూ డ్రైవరు అందించింది. "అన్నం తిన్నావా?"

"తింటాలే."

"తింటాలే అంటే తినలేదని."

ఆయన అప్పటికే మెట్ల దగ్గర ఉన్నాడు.

ఖాళీ గదుల్లోనూ, మనుషులు బయటికి వెళ్లిన గదుల్లోనూ పని సాగించాడు. పాత స్క్రూలు రంగు కింద కూరుకుపోయి ఉన్నాయి. గోటితో రంగు గీకి, స్క్రూ డ్రైవరు మొన గాడిలో నిలబెట్టి, భుజం బరువంతా దాని మీద వేసి తిప్పేవాడు. పలక చేతిలోకి వచ్చినప్పుడు గోడ నుంచి కొంచెం సున్నం రాలేది. అటువైపు తలాపున, పడుకున్న మనిషి మోచేయి ఎత్తితే అందేటంత ఎత్తులో, చెక్కపట్టీకి బిగించేవాడు. బిగించాక ఒకసారి మంచం అంచున కూర్చుని, కళ్లు మూసుకుని, చేయి చాపి చూసేవాడు. వేళ్లు ఇత్తడికి తగిలాక లేచేవాడు. వెనుదిరిగి చూస్తే తలుపు పక్క గోడ ఖాళీగా ఉండేది. ఒక్కొక్క గదే తేలికపడింది. ఎడమ చేయి మాత్రం బరువెక్కుతూ వచ్చింది. స్క్రూల పని కదా అనుకుని కుడిచేతికి మార్చుకున్నాడు.

మధ్యలో ఒకసారి మేనేజరు వరండాలోకి తొంగిచూసి, "అయిపోయిందా ప్యాకెట్ల పని?" అన్నాడు.

"అయిపోయింది సార్. సంచి మీ సొరుగులోనే పెట్టా."

"మరింకా ఏం చేస్తున్నావు?"

"చిన్న మరమ్మతు."

మేనేజరు తల ఊపి వెళ్లిపోయాడు.

కొస గదికి ఆయన ఉతుకుడు గది ముందున్న స్టూలును మోసుకువచ్చాడు. అప్పటికి నిలబడి పని చేయడం కష్టమైంది. స్టూలు ఒక కాలు పొట్టిది. కింద అట్టముక్క మడిచి పెట్టి ఎక్కి కూర్చున్నాడు. ఒక స్క్రూ తీశాడు. రెండోది తీశాడు. పలక చేతిలోకి వచ్చింది.

చొక్కా రాలేదు.

బోసి గోడ మీద, ఏ ఆధారమూ లేకుండా, అది అలాగే వేలాడుతోంది. జేబు అలాగే పొడుచుకుని ఉంది. పెద్దాయన దిగి పలకను మంచం మీద ఉంచాడు. స్క్రూలు అరచేతిలోనే ఉన్నాయి. స్టూలును వెనక గోడ దాకా జరిపి, అట్టముక్క సరిచేసి, దాని మీద మళ్లీ కూర్చున్నాడు. భయం వేయలేదు. అలసట కమ్మింది. పొద్దున్నుంచి మనిషి ఒకడు తన వెంట గది గదికీ తిరిగి, ఇక్కడ నిలుచుండిపోయినట్లు అనిపించింది.

"ఏరా," అన్నాడు. "ఇంకా నాలుగడుగులేనా?"

వరండాలో ఎవరో తలుపు వేసుకున్నారు.

"నువ్వు లేవకులే. నేనే తెస్తా."

ఆయన చేయి చాపాడు.

సాయంత్రపు దుప్పట్లు కిందికి రాకపోయేసరికి ఇస్త్రీ అక్క పైకి వచ్చింది. వెనక గోడకు తల ఆనించి కూర్చున్న మనిషిని చూసి, నిద్రపోతున్నాడనుకుని, "అన్నా, తినకపోతే ఇలాగే..." అని, మాట సగంలో ఆపేసింది. ఆ చేయి ఇంకా తలుపు పక్క గోడ వైపు చాచి, మోకాలి మీద వెల్లకిలా తెరుచుకుని ఉంది. అందులో రెండు స్క్రూలు ఉన్నాయి. గోడ మీద ఏమీ లేదు.

డాక్టరు వచ్చి గుండె ఆగిందన్నాడు. పెద్దగా బాధపడి ఉండడన్నాడు. ఆ మాట అందరి గురించీ అంటారు.

"ఏం చేస్తున్నాడు ఇక్కడ?" అని మేనేజరు అడిగాడు, మంచం మీది పలకను చూస్తూ.

"కొక్కేలు మంచం దగ్గరికి తెస్తున్నాడు సార్. జేబులో ఉన్నది చేతికి అందాలట." ఆమె ముక్కు చీదుకుంది. "అన్ని గదులూ అయ్యాయి. ఇదొక్కటే."

మేనేజరు తలుపు వైపు చూశాడు. మంచం వైపు చూశాడు. మధ్యలో ఉన్న ఖాళీ నేలను చాలాసేపు చూశాడు. ఆయనకు పెళ్లయి ఎన్నో ఏళ్లు కాలేదు. ఏం గుర్తొచ్చిందో ఏమో, ముఖం ఎర్రబడింది.

కొన్నాళ్లకు యజమాని వచ్చి గదులు చూశాడు. "ఈ కొక్కేలు ఎవరు మార్చమన్నారయ్యా?" అని కసిరాడు.

"నేనేనండీ. దొంగల భయం. చొక్కా తలుపు పక్కనుంటే వరండాలోంచి చెయ్యి పెట్టి లాగేస్తున్నారు. మంచం దగ్గరుంటే మనిషి చేతిలోనే ఉంటుంది."

"అట్లా చెప్పు. బుర్ర ఉందయ్యా నీకు," అని యజమాని సంతోషించి వెళ్లిపోయాడు.

ఆ నాడు ఉతుకుడు గది గుమ్మంలో నిలుచుని ఈ సంభాషణ విన్న ఇస్త్రీ అక్కా, మేనేజరూ తప్ప, సత్యం ఎరిగినవారు అక్కడ ఎవరూ లేరు. కాబట్టి ఈ విషయాన్ని ఇక్కడ స్పష్టంగా నివేదించడం ధర్మం: పెద్దాయన పోయిన మరునాటి ఉదయం, ఎవరూ కోరకుండా, కొస గదిలో మిగిలిపోయిన పలకను మంచం తలాపున స్వహస్తాలతో బిగించినవాడు మేనేజరు. స్క్రూ డ్రైవరు పట్టడం అలవాటు లేనందున అది కొద్దిగా ఒక పక్కకు వాలి ఉంది గాని, గట్టిగానే ఉంది. ఆ కార్యానికి ఆయనకు సగౌరవంగా కృతజ్ఞతలు చెల్లుతున్నాయి. స్టూలును మాత్రం ఆయన కిందికి తేలేదు. అది ఇప్పటికీ ఆ గదిలో, తలుపు పక్క గోడకు ఎదురుగా, పొట్టి కాలి కింద మడిచిన అట్టముక్కతో, ఇటూ అటూ ఊగకుండా నిలిచి ఉంది.